బేస్తవారం దాకా

"జర గట్టిగ తొక్కు. కాళ్లకు సుత కంజూసుతనమేనా?"

నేల మీద బోర్లా పడుకున్న పెంటమ్మ పళ్లు బిగించి అంది.

బిచ్చా గోడ పట్టుకుని నిలబడి, కుడికాలు ఆమె నడుము మీద మెల్లగా ఆనించాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఐతవారం, బేస్తవారం పొద్దు పొడవకముందు మూడుసార్లు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని మోతె ఊళ్లో అందరి నమ్మకం. అలా పుట్టినవాడు ఆ చుట్టుపక్కల వాగవతలి తండాలోని బిచ్చా ఒక్కడే. పెంటమ్మ అత్త మైసమ్మే కబురుపెట్టి పిలిపించింది.

రజాకార్ల గోల సద్దుమణిగి అప్పటికి ఆరు నెలలు. పెంటమ్మ నడుము అంతకు ముందే పోయింది, దొర గడికి వెట్టిలో వడ్ల బస్తా మోస్తూ జారిపడిన నాడు. సూర్యాపేట దవాఖానలో ఇచ్చిన గోళీలు మింగింది. ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టించుకుంది. మచ్చలు మిగిలాయి. నొప్పీ మిగిలింది.

అన్నిటికన్నా కష్టం, అది ఎవరికీ కనబడకపోవడం.

"పని అనంగనే నడుము వట్టుకుంటది. బువ్వ అనంగనే లేస్తది," అనేది మైసమ్మ.

మొగుడు సత్తయ్య మొదట్లో "ఎట్లున్నది?" అని అడిగేవాడు. ఇప్పుడు అదీ మానేశాడు.

నీళ్లకు పోయినప్పుడల్లా పెంటమ్మ బావిలోకి చాలాసేపు చూసేది.

ఆ సంగతి ఒక్క బిచ్చాకే చెప్పింది.

అతను బెదరలేదు, తిట్టలేదు.

"ఇయ్యాల ఐతారం గద, చెల్లె. బేస్తారం దాకా ఓర్సుకో. నేనొస్త."

"బేస్తారం వచ్చినంక?"

"గాడికెళ్లి ఐతారం ఎంత దూరం? మూడు దినాలు."

"జన్మంత గిట్లనేనా?"

"జన్మ సంగతి మనకెందుకు? గంత బరువు ఒక్కసారే ఎవలెత్తుతరు?"

అలా వారానికి రెండుసార్లు, ఐదు నెలలు. వచ్చేవాడు, తొక్కేవాడు, ఇచ్చిన గంజి తాగి వెళ్లేవాడు.

నడుము మాత్రం విడవలేదు.

నాట్ల రోజుల్లో ఒక బేస్తవారం, మూడు రోజులుగా కునుకు లేని పెంటమ్మకు ఆ మాట వినగానే ఒళ్లు మండింది.

"ఐతారం దాకా ఓర్సుకో, చెల్లె."

"నొప్పి లేనోనికి మాటలు బాగొస్తయి. నీకేమెరుక? నీ కాళ్లల్ల గుణం లేదు. ఇగ రాకు, బిచ్చా."



"మంచిది, చెల్లె," అని గుమ్మం పట్టుకుని దిగి వెళ్లిపోయాడు.

ఐతవారం వచ్చింది. బిచ్చా రాలేదు.

పీడ పోయిందనుకుంది పెంటమ్మ. కానీ రోజులన్నీ కలిసి ఒకే ముద్దయ్యాయి. ఎందాకా ఓర్చుకోవాలో చెప్పేవాళ్లు లేరు.

నాలుగో వారం బిందె పక్కన పెట్టి బావి గట్టు మీద కూర్చుంది. లోపలికి వంగింది. ఏమనుకుందో లేచి, నడుము చేత్తో అదిమిపట్టి, వాగు దాటి తండాకు నడిచింది.

బిచ్చా గుడిసె ముందు అతని భార్య నీలా ఒక్కతే కూర్చుంది.

"బిచ్చాను పిలువక్కా. నాది తప్పయింది. మళ్ల రమ్మననీకె వచ్చిన."

నీలా తల ఎత్తలేదు.

"పోయి ఆరు దినాలాయె."

పెంటమ్మ నడుము పట్టుకుని ఆమె ఎదుట కూర్చుంది.

"ఏమైంది? మంచిగుండె గద."

"యాడి మంచి? రెండేండ్ల కింద రజాకార్లు చెట్టుకు కట్టి అరికాళ్ల మీద కొట్టిండ్రు. గప్పటిసంది కాలు కింద వెడితే నిప్పుల మీద వెట్టినట్టే. మొన్న నాట్ల సంది తినుడు సుత బందు వెట్టిండు."

"నాకొక్కనాడు చెప్పలే."

"తొక్కేటోనికే నొప్పున్నదని తెలిస్తే తొక్కించుకున్నోళ్లకు గుణం రాదంటరు. అందుకే దాసిండు."

"గా కాళ్లతోని అంత దూరం ఎట్లొస్తుండె, అక్కా?"

నీలా మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"వారమంత గోడ దిక్కు తిరిగి పండుకుంటుండె, చెల్లె. నీ కాడికొచ్చే ఆ రెండు దినాలే లేచి నిలవడుతుండె."