మెట్ల కింద మిషను

మిషను ఆగింది. వెంటనే గోడ మోగింది.

టక్ టక్.

కూతురు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పళ్ళు నూరింది. వారానికి ఒక్క సెలవు. బట్టల ఫ్యాక్టరీలో రోజంతా కుట్టుమిషన్ల రొద. ఇంటికొస్తే ఇదొకటి.

పక్కింట్లో కొత్తగా దిగిన ముసలాయన ఒంటిగాడు. ఎవరితోనూ మాటా మంతీ లేదు. మిషను ఆగితే చాలు, గోడ కొడతాడు. కూతురు ఆయనకు 'గోడదెబ్బ' అని పేరు పెట్టింది.

టక్ టక్. ఈసారి గట్టిగా.

"కొట్టుకో నాయనా, చేతులు నొప్పిపుట్టేదాకా," అని గొణిగింది.

ఆ మిషను ఆమె మాత్రం సరదాకి పెట్టించిందా? అమ్మకు మోకాళ్ళు మొరాయించాయి. మేడ మీది బాత్రూం ఆమెకు ఆకాశంలో ఉన్నట్టే అయింది. మెట్ల కింద గూట్లో ఒకటి కట్టిద్దామంటే, మురుగు గొట్టం ఎత్తులో ఉంది. పల్లంలోంచి మెరకకు దానంతటది ఎలా పోతుంది? అందుకని ప్లంబరు మరుగుదొడ్డి కుండీ వెనక ఒక పెట్టె బిగించాడు. ఫ్లష్ నొక్కితే పెట్టెలోని బ్లేడు అంతా మెత్తగా రుబ్బేస్తుంది. మోటారు దాన్ని సన్నటి పైపులోంచి పైకి తోస్తుంది.

"మిక్సీ లాంటిదే పెద్దమ్మా," అన్నాడు ప్లంబరు.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇక పచ్చడి సయించదు," అంది అమ్మ.

రుబ్బుతుంది, కాదనలేం. కానీ వెళ్ళిన సంగతి వీధంతా చాటింపు వేస్తుంది. దూదిపీలిక పడినా అలుగుతుంది. కరెంటు పోతే, వచ్చేదాకా అమ్మ బిగబట్టుకోవాల్సిందే.

టక్ టక్ టక్.

తర్వాత వీధి తలుపు దబదబలాడింది.

తీస్తే గోడదెబ్బే. కాళ్ళకు చెప్పుల్లేవు. వగరుస్తున్నాడు. ఆమెను చూసి తెల్లబోయాడు.

"ఓ... నువ్వా లోపలున్నది?" అన్నాడు.

"నేను కాక మీరా? మా ఇంట్లో ఎవరు ఎప్పుడు వెళ్ళాలో మీ అనుమతి తీసుకోవాలా?"

"అది కాదమ్మా. ఇంట్లో అంతా బాగేనా?"

"మీరు గోడ కొట్టకపోతే బాగే. ఇంకోసారి మా గడప తొక్కారంటే మర్యాద దక్కదు."

ముసలాయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. మంచం మీద అమ్మ కళ్ళతోనే వద్దంది. ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు.

"పోనీలేవే, పెద్దాయన," అంది అమ్మ.

"నువ్వు ఆయన వైపా, నా వైపా?"

అమ్మ అటు తిరిగి పడుకుంది.

కూతురికి తగువులాడే ఓపిక కూడా మిగల్లేదు. సాయంత్రం బజారుకెళ్ళి మందపాటి రబ్బరు షీట్లు తెచ్చింది. పెట్టె కింద ఒకటి పరిచింది. గోడకు నేల నుంచి పైదాకా జిగురుతో అంటించింది.

"ఎందుకే ఇదంతా? గోడకు గాలాడదు," అంది అమ్మ.

"గోడకు ఊపిరాడకపోయినా పర్లేదు. నాకు ఆడితే చాలు."

అమ్మ ఏదో చెప్పబోయి, సూది పోట్లు పడ్డ కూతురి వేళ్ళు చూసి ఊరుకుంది.

మర్నాటి నుంచి మిషను పిల్లి గుర్రుమన్నట్టు గుర్రుమంది. గోడ మోగలేదు. కూతురికి ప్రాణం హాయిగా ఉంది.

ఒకరోజు పనికి వెళ్తుంటే వీధిలో ఆయన ఎదురొచ్చాడు.

"ఈ మధ్య మీ మిషను వినబడ్డం లేదేం తల్లీ?"

"మోగితే గోడ కొడతారు. మోగకపోతే దారి కాస్తారు. మేం ఎలా చస్తే మీకు నచ్చుతుంది? రబ్బరు వేయించాను. ఇక హాయిగా నిద్రపోండి."

ఆయన నోరు తెరిచాడు. ఆమె అప్పటికే మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మెట్ల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఏ పీలిక అడ్డుపడిందో, మిషను తిరగలేదు. కుండీలో నీళ్ళు వెనక్కి తన్ని నేలంతా పారాయి. ఆ తడిలో అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ఒక కాలు చూడటానికే భయమేసేలా పక్కకు తిరిగి ఉంది.

"ఎప్పుడు పడ్డావమ్మా?"

"నువ్వు వెళ్ళిన కాసేపటికే."

అమ్మ చెయ్యి అందినంత మేర రబ్బరు గీరుకుపోయి ఉంది. గోళ్ళలో నల్లటి పొట్టు, నెత్తురు.

"ఎందుకమ్మా దీన్ని పీకావు?"

"అరిచాను, కొట్టి కొట్టి చూశానే. అవతలికి వినబడలేదు. గోడ దొరుకుతుందేమోనని."

"గోడెందుకు?"

అమ్మ కళ్ళు మూసుకుంది. "ఎండాకాలంలో ఒకసారి పడ్డాను. చప్పుడు విని పరుగెత్తుకొచ్చి లేపాడు ఆయన. అప్పటి నుంచి నువ్వు పనికెళ్ళగానే వెనక తలుపు గడియ తీసే ఉంచేదాన్ని. మిషను ఆగాక ఆయన కొడతాడు. నేను తిరిగి కొడితే లేచి నిలబడ్డట్టు. కొట్టకపోతే వస్తానన్నాడు. నీకు తెలిస్తే పని మానుకుని కూర్చుంటావని, చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."

కూతురు వేలాడుతున్న రబ్బరును రెండు చేతులా లాగి పారేసింది. బయటపడ్డ గోడ మీద వేలి కణుపులతో కొట్టింది.

టక్ టక్.

అవతల ఆయన గోడకు చెవి ఆనించుకుని కూర్చున్నట్టుంది, మరుక్షణమే జవాబు వచ్చింది; ఆ వెంటే వెనక గుమ్మం వైపు చెప్పుల్లేని పాదాల పరుగు వినిపించింది.