బుధవారం నాలుగింటి విమానం

“మీ అమ్మని ఇంకేమైనా చెప్పమను తల్లీ, ఆ బుధవారం కథ మాత్రం వద్దు,” అన్నాడు మీసాల బాబాయి, పెద్ద కూతుర్ని హాలు బయట వరండాలోకి లాక్కొచ్చి.

ఆయన మీసాలు తీసేసి పదేళ్ళు దాటింది. పేరు మాత్రం ఊడలేదు. నౌకాదళంలో నాన్నతో కలిసి పాతికేళ్ళు విమానాలు నడిపినవాడు. ఇవాళ నాన్న సంస్మరణ సభ. ఇంకో అరగంటలో మొదలు.

“అదేంటి బాబాయ్! అమ్మ చెప్పబోయేది ఆ ఒక్క కథే. రెండు రోజులుగా అద్దం ముందు నిలబడి బట్టీ పడుతోంది.”

ఆ కథ ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు. నాన్న తుఫానులో ఊగే ఓడ మీద విమానం దించిన మనిషి. అదే మనిషి, ఇంట్లో ఉన్న రోజున కూతురి రెండు జడలూ ఒకే ఎత్తులో రావడానికి అరగంట కుస్తీ పట్టేవాడు. సముద్రం మీద ఎన్నాళ్ళున్నా ఆయన ధ్యాసంతా ఇంటి మీదే. ఒడ్డున ఉద్యోగం వేశాక ప్రతి బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆయన విమానం సరిగ్గా ఇంటి మీదుగా పోయేది. డాబా మీద ముగ్గురు పిల్లలు, వాళ్ళ వెనక అమ్మ. విమానం ఒకసారి ఎడమ రెక్క, ఒకసారి కుడి రెక్క వాల్చేది. అమ్మ చెయ్యి ఊపేది. పిల్లలు ఆకాశంలోకి చూస్తూ ఆ వారం మార్కులు అరిచి చెప్పేవారు. తక్కువొచ్చినవాళ్ళు కాస్త మెల్లగా అరిచేవారు.

పిల్లలు కాస్త పెద్దయ్యాక, విమానం పోయిన గంటకి నాన్న గుమ్మంలో అడుగు పెడుతూనే, “చిన్నాడి చొక్కా మోచేతి దగ్గర చిరిగింది, కుట్టించండి,” అనేవాడు. “పెద్దది తల దువ్వుకోకుండానే డాబా ఎక్కిందే!” అనేవాడు.

“అంత పైనుంచి ఎలా కనిపించింది నాన్నా?”

“పైలట్ కళ్ళమ్మా ఇవి. గద్ద కూడా దిగదుడుపే.”

ఆ కళ్ళ మీద నమ్మకంతో పెద్ద కూతురు బళ్ళో సగం మందితో జుట్టూ జుట్టూ పట్టుకుంది. ఇప్పుడామె పళ్ళ డాక్టరు. ఆ కథ ఇప్పటికీ రోగులకు చెబుతుంది, వాళ్ళు నోరు తెరుచుకుని కూర్చుంటారు కాబట్టి.

“కథలో తప్పేముంది బాబాయ్?”

బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఆఖరి నాలుగేళ్ళూ ఆ విమానం నడిపింది నేను.”

వేళాకోళమేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది.

“మీ నాన్నకి కుడి కన్ను మందగించింది తల్లీ. డాక్టర్లు ఇక నడపొద్దన్నారు. కుర్రాళ్ళకి పాఠాలు చెప్పే పనిలో వేశారు. ఇంట్లో చెప్పరా బాబూ అంటే వింటేగా! ‘పిల్లలు ఎదురుచూస్తార్రా, నువ్వు రెక్క వాల్చు చాలు’ అని నా ప్రాణాలు తోడేశాడు. ఒకసారి మరిచిపోయి ఒక రెక్కే వాల్చానని వారం రోజులు నాతో మాట్లాడలేదు.”

“మరి చిరిగిన చొక్కా? నా జడ?”

“మీ ఎదురింటి మేడ మీద సెలూన్ లేదూ? కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చూసేవాడు. ఊరికే కూర్చోవడానికి మొహమాటపడి ప్రతి బుధవారం క్రాపు చేయించుకునేవాడు. కత్తిరించడానికేమీ మిగలక, సెలూన్ వాడు ఉత్తినే కత్తెర ఆడించి పంపేవాడట!”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. బుధవారం వచ్చిందంటే నాన్న తల కొబ్బరిచిప్పలా ఉండేది. అదేమంటే, నేవీ రూలు అనేవాడు.

“హాల్లో ఉన్న నేవీ వాళ్ళందరికీ కన్ను సంగతి తెలుసు,” అన్నాడు బాబాయి. “మీ అమ్మ మైకు ముందు ‘రిటైరయ్యే దాకా ఒక్క బుధవారం తప్పలేదు’ అందనుకో, ఎవడో ఒకడు కిసుక్కుమంటాడు. ఆవిడ మొహం నేను చూడలేను. వెళ్ళి చెప్పు.”

“మీరే చెప్పొచ్చుగా?”

“తుఫానులోకి పొమ్మంటే పోతాను గానీ, మీ అమ్మ ముందుకి పోలేను.”

అమ్మ పక్క గదిలో కుర్చీలో కూర్చుని, కాగితం చూస్తూ పెదవులు కదుపుతోంది. పెద్ద కూతురు ఆమె పక్కన చేరింది. పన్ను పీకే ముందు రోగికి చెప్పేటట్టే మొదలుపెట్టింది.

“అమ్మా, కాస్త నొప్పి పుట్టే మాట చెప్పాలి.”

“చెప్పు. నా పళ్ళన్నీ కట్టుడువే, భయమేం లేదు.”

కన్ను సంగతి చెప్పింది. బాబాయి రెక్కలు వాల్చిన సంగతి చెప్పింది. అమ్మ కాగితం మడిచింది. మొహంలో ఏమీ తెలియలేదు.

“పోనీ ఆ కథ వదిలెయ్యమ్మా. చిన్నప్పుడు నాన్న మా ముగ్గురికీ జడలేసిన సంగతి చెప్పు, తమ్ముడిక్కూడా.”

“ఈ కథే చెప్తాను. ఆయనకి ఇదంటేనే ఇష్టం.”

“వాళ్ళు నవ్వుతారే అమ్మా!”

“నవ్వనీ. ఏడిపించడానికి పిలిచామా వాళ్ళని?”

హాల్లోంచి మైకులో అమ్మను పిలుస్తున్నారు. ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తలుపు దాకా నడిచింది. కూతురు ఇక ఆగలేక అడ్డం వెళ్ళింది.

“నీకర్థం కావట్లేదమ్మా. నాలుగేళ్ళు డాబా మీద నిలబడి నువ్వు చెయ్యి ఊపింది మీసాల బాబాయికి!”

అమ్మ కూతురి బుగ్గ మీద చిన్నగా తట్టింది.

“పిచ్చిదానా, నేను ఊపింది సెలూన్ కిటికీకి.”