ఆకు పాతర

గడ్డి మొలవడం మానేసి ఆరేళ్లయింది. కదిరి చుట్టుపక్కల పశువులన్నీ గోతుల్లో పాతరవేసిన చెట్టాకుల మీదే బతుకుతున్నాయి. నిరుడు ఓబులమ్మ పాతర కుళ్లిపోయింది. ఈసారీ కుళ్లితే ఆవును పశువుల శిబిరానికి తీసుకుపోవడానికి డ్రైవరు లేకుండా దానంతటదే నడిచే బండి వాకిట్లో నిలబడి ఉంది.

"పులియబెట్టే బ్యాక్టీరియా నీళ్లు చల్లినానత్తా, భయపడొద్దు," అంటూ కోడలు రామక్క పాతర మీది పట్టా లాగింది. సుబాబుల్ ఆకులోంచి పుల్లమజ్జిగ వాసన కమ్మగా వచ్చింది. ఆవు ఒకసారి వాసన చూసి, ముందు పోసిన గంపెడాకూ తల ఎత్తకుండా తినేసింది.

"పో, పో! మా ఆవు యాడికీ రాదు!" అని ఓబులమ్మ బండిని తరిమేసింది.

సాయంత్రానికి వీధివాళ్లంతా గిన్నెలతో వచ్చారు. "రామక్కా, మా పాతరకూ ఆ నీళ్లు రవ్వంత తోడు పెట్టుకుంటాం!"

ఓబులమ్మే ముందుకొచ్చి ప్రతి గిన్నెలోనూ అంచుదాకా పోసింది.