అన్ని వీధులూ గేటుకే

చెక్ దేశంలోని మొరావియాలో ఒక ఊరిని కట్టించిన బూట్ల ఫ్యాక్టరీ యజమాని, ఏ వీధిలో నడిచినా ఏడు నిమిషాల్లో ఫ్యాక్టరీ గేటు రావాలన్నాడు. కార్మికులు సుఖంగా ఉండాలని ఇంటింటికీ తోట కూడా ఇచ్చాడు. ఫ్యాక్టరీ మూతపడి, గేటు కూల్చేసి ఆరేళ్లయింది.

ఒక రాత్రి ఆ ఫ్యాక్టరీ సైరన్ మోగింది. బోజెనా లేచి చూస్తే పక్కమీద మొగుడు ఓతకర్ లేడు. పరుగున వెళ్లి నడివీధిలో అతని చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికయ్యా ఈ వేళప్పుడు?"

"డ్యూటీకే. ఆలస్యమైతే ఫోర్‌మన్ ఊరుకుంటాడా?"

"ఆయన్ని మనమేగా పాతిపెట్టి వచ్చింది! ఇంటికి పద."

ఓతకర్ ఎదురు చెప్పకుండా ఆమె వెంట నడిచాడు. బడి పక్కన మలుపు తిరిగితే ఇల్లు రావాలి. కానీ అక్కడ గేటు ఉంది. బోజెనా గబగబా అతన్ని వెనక్కి తిప్పి, ఆసుపత్రి వీధిలోకి లాక్కెళ్లింది. ఆ వీధి చివరా గేటే కనిపించింది. ఈసారి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల కుట్టుమిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి. మనుషుల మాటలు మాత్రం వినపడడం లేదు.

ఇంతలో చీకట్లోంచి ఎవరో ఎంతో మర్యాదగా పిలిచారు.

"మీరూ రండమ్మా. మీకూ చోటుంది."

బోజెనా పట్టు బిగించింది. ఓతకర్ ఆగలేదు.