పట్టుబడి సలహా కేంద్రం

రేపు తెల్లారేసరికి ఊరు దాటెయ్యాలని హేమంత్‌కుమార్ ముహూర్తం పెట్టుకున్నాడు. కొల్లేటికోటలో ఓ గది అద్దెకు తీసుకుని, షేర్లలో పెడితే ఏడాదికి రెట్టింపు గ్యారంటీ అని ఊదరగొట్టి, ఊరి డబ్బంతా ఓ సంచిలోకి పోగేశాడు మహానుభావుడు. సెబీలో రిజిస్టరు కాకుండా పెట్టుబడి సలహాలివ్వడం నేరమని అతనికి బాగా తెలుసు. తెలిసే ఇచ్చాడు.

ఉన్న చికాకల్లా బోర్డుతోనే. ‘పెట్టుబడి సలహా కేంద్రం’ అని రాయమంటే, పెయింటర్ బంగారురాజు ‘పట్టుబడి సలహా కేంద్రం’ అని రాసి చక్కా పోయాడు.

"పట్టుబడంటే చెరువులో చేపలు పట్టడం కదయ్యా!" అని హేమంత్‌కుమార్ మండిపడ్డాడు.

"మా ఊళ్ళో ఇంకేం పట్టుబడతాయండీ?" అన్నాడు బంగారురాజు అమాయకంగా.

అప్పట్నుంచీ చేపల రైతులు ఒకటే రావడం. "సరస్సు లోపల చెరువేస్తే గవర్నమెంటోళ్ళు గట్లు కొట్టేత్తన్నారండీ..." అని వాళ్ళేదో మొదలుపెట్టేవారు. సగం మాట కూడా వినకుండా తరిమేసేవాడు.

ఆ మధ్యాహ్నం పెద్దింటమ్మ అనే ముసలావిడ చేపలమ్మిన డబ్బు కొంగుముడి విప్పి బల్లమీద పెడుతోంది. అంతలో గుమ్మం ముందు గవర్నమెంటు జీపు ఆగింది. ఫైలు పట్టుకుని ఒకావిడ, వెనకాల ఇద్దరు మనుషులు దిగారు.

హేమంత్‌కుమార్‌కి చూడగానే అర్థమైపోయింది, సెబీ వాళ్ళే. సెబీ ఫిర్యాదు మీద తాడేపల్లిగూడెంలో తనలాంటివాణ్ణి పోలీసులు పట్టుకుపోయింది మొన్ననే.

"నా పేరు మానసండీ. మీ బోర్డు చూసి వచ్చాం. ఏం సలహాలిస్తుంటారు?"

బోర్డు! హేమంత్‌కుమార్ ప్రాణం లేచొచ్చింది. బంగారురాజు నోట్లో పంచదార పొయ్యాలనిపించింది.

"చేపల పట్టుబడేనండీ! పెట్టుబడి అన్న మాట మా ఛాయలక్కూడా రాదండీ," అంటూ పెద్దింటమ్మ డబ్బు తిరిగి ఆ ముసలావిడ ఒళ్ళోకే తోసేశాడు. ఊరి డబ్బు సంచి ఇక్కడ దొరికితే కొంప మునుగుతుంది. దాన్నీ పెద్దింటమ్మ చేతిలోనే పెట్టాడు. "మామ్మగారూ, చేపల సలహాకి డబ్బులెందుకండీ? ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యండి."

పోతే పోయింది డబ్బు, పరువుగా బయటపడితే అదే పదివేలు! పెద్దింటమ్మ సంచి చంకన పెట్టుకుని, మళ్ళీ అడుగుతాడేమోనని వెనక్కి చూడకుండా నడిచింది.

"సరస్సు లోపల చెరువులకి కూడా మీరే చెబుతారాండీ?" అంది మానస.

హేమంత్‌కుమార్‌కి హుషారొచ్చేసింది. "లోపలివే ఎక్కువండీ! ఎక్కడ తవ్వాలి, గట్టు ఎంతెత్తు పొయ్యాలి, అంతా మన చలవేనండీ. నేను ఊఁ అనందే ఇక్కడ చేప కదలదు!"

"అదే రాసి సంతకం పెడతారా?"

"ఎందుకు పెట్టనండీ!"

పేజీ నిండా రాశాడు. కింద వంకీలు తిప్పి మరీ సంతకం పెట్టాడు. మానస కాగితం చదివి జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది. అతను ఒళ్ళు తెలియని సంతోషంలో ఉన్నాడు.

"సెబీ వాళ్ళంటే ఏమో అనుకున్నానండీ, ఎంత మర్యాదస్తులండీ!"

"సెబీ ఏంటండీ?" అంది మానస ఆశ్చర్యంగా. "మేం అటవీశాఖ. ఈ సరస్సంతా అభయారణ్యం. ఇందులో దొంగ చెరువులు తవ్విస్తున్న పెద్దమనిషెవరా అని ఏడాదిగా వెతుకుతున్నాం, జీపెక్కండి!"