ఎకో పెట్టెలో అమ్మ

"జెయంతీ, తింటివామ్మా?"

జెయంతి మైకులో తన పేరు తనే పిలుచుకుని ఎకో పెట్టె మీది స్విచ్ నొక్కింది. పెట్టె ఆ మాటను పట్టుకుని మళ్ళీ మళ్ళీ పలికింది. కానీ అది అమ్మ గొంతులా లేదు. కోడిపిల్ల కీచుమన్నట్టు ఉంది.

"ఐయో దేవుడా! నాయన వస్తే ఏం సెప్పేది?" అని తల పట్టుకుంది.

ఆ రోజు ఆయుధపూజ. కోవిల్‌పట్టిలోని ఆ మైక్‌సెట్ దుకాణంలో యాంప్లిఫయర్లు, కొమ్ము స్పీకర్లు అన్నిటినీ ఆపి, తుడిచి, చందనం బొట్లు పెట్టారు. పనిముట్లన్నిటికీ సెలవు. ఒక్క ఈ పెట్టెకు మాత్రం ఏ ఏడూ సెలవు లేదు. పాటకచేరీల్లో గొంతుకు ప్రతిధ్వని ఇచ్చే పాత పెట్టె అది. జెయంతి నాయన అళగర్‌సామి దాని పొట్ట విప్పి, లోపలి చిప్పు కాళ్ళకు తీగలు అతికించాడు. స్విచ్ నొక్కితే ఒక మాట చావకుండా లోపలే తిరుగుతూ ఉంటుంది. కరెంటు పోతే మాటా పోతుంది. అందుకే దానికి లారీ బ్యాటరీ తగిలించాడు.

అందులో తిరిగేది అమ్మ మాట. అమ్మ జ్వరంతో పోయినప్పుడు జెయంతి చిన్నపిల్ల. అన్నం ముట్టకుండా ఏడుస్తుంటే నాయన ఈ పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. విరుదునగర్ తిరునాళ్ళలో మైకు సరిచూస్తూ అమ్మ తనను పిలిచిందని, ఆ పిలుపు ఇందులో ఉండిపోయిందని చెప్పాడు. అది వింటూ పిల్ల అన్నం తింది. ఇప్పుడు కాలేజీకి పోతున్నా, అది వినకుండా ముద్ద దిగదు. "కేసెట్‌లోకి ఎక్కించు నాయనా" అని ఎన్నిసార్లు అడిగినా, "సూస్తాం లే" అని దాటేసేవాడు.

ఈ రోజు పెట్టెకు బొట్టు పెట్టబోతూ, బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లపొడి కూడా తుడిచింది. క్లిప్పు ఊడింది. అమ్మ ఆగిపోయింది.

బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. అళగర్‌సామి పూజకు బొరుగుల పొట్లం పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఏందే, కండ్లు ఎర్రగా ఉండాయి?"

"నాయనా, అమ్మను పోగొడ్తిని!" జెయంతి బావురుమంది.

అతను పెట్టె వైపు చూశాడు. "క్లిప్పు ఊడెనా?"

"నేనే ఊడగొడ్తిని. నీకు తెలీకుండా నా గొంతు పెడదామనుకొంటిని. అదీ రాలే. నా మాట కోడిపిల్ల మాదిరి వస్తాది. అమ్మది మాత్రం ఎట్ల సక్కగా వచ్చె?"

అళగర్‌సామి పొట్లం బల్ల మీద పెట్టాడు.

"తిట్టు నాయనా. కొట్టు. ఊరికే ఉండొద్దు. ఇంక నాకు అమ్మ యాడుంది?"

"ఏడవద్దు తల్లీ. పొద్దున్నుంచి ఏమన్నా తింటివా?"

"ఎట్ల తినేది? అమ్మ అడగలేదే!"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురి తల నిమిరి, పెట్టె ముందు కూర్చున్నాడు.

"ఎన్నడో సెప్పాల్సింది. నాకు మనసు రాలే."

మైకు దగ్గరికి లాక్కుని, తన బొంగురు గొంతుతో "జెయంతీ, తింటివామ్మా?" అన్నాడు. స్విచ్ నొక్కాడు.

ఆ బొంగురు గొంతు సన్నబడి, పెట్టెలోంచి అమ్మ పలికింది.