సివిలిజేషన్ వద్దన్న మతురీన్

"సివిలిజేషన్‌కు ఒప్పుకుంటున్నావా?" అని జడ్జి అడిగాడు.

మతురీన్‌కు ఆ మాట కొత్త. 1746లో, ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో, అది కోర్టువాళ్ళకు తప్ప ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఆమె ముప్పై ఏళ్ళుగా ఏటి రేవులో ఊరి బట్టలు ఉతుకుతోంది. ఇప్పుడు బోను కొయ్య గట్టిగా పట్టుకుని జడ్జి ముందు నిలబడి ఉంది.

వకీలు లెసూర్ దగ్గరికొచ్చి విడమరిచి చెప్పాడు. క్రిమినల్ కేసును సివిల్ కేసుగా మార్చడాన్నే సివిలిజేషన్ అంటారు. ఒప్పుకుంటే కేసు ఇవాళే ముగిసిపోతుంది, ఎవరిళ్ళకు వాళ్ళు పోవచ్చు. లేదంటే సాక్షులు, విచారణ, జైలు.

"లాటిన్‌లో సివిస్ అంటే పౌరుడు. పౌరులు పౌరుల్లా సర్దుకోవడం, అంతే. ఇంతకన్నా మంచి మాట లేదు మతురీన్."

"ఆ పౌరుల్లో మా రేవువాళ్ళున్నారా అయ్యా?"

లెసూర్ దగ్గాడు. వెనక కుర్చీలో మోంబ్రెయ్ దొర ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

జరిగింది చిన్నదేం కాదు. రేవు మెట్ల మీద మాటా మాటా పెరిగింది. కర్ర లేచింది. ఒక్క దెబ్బకు మోకాలిచిప్ప పగిలింది.

మూడు వారాలుగా అందరూ మతురీన్‌కే నచ్చజెబుతున్నారు. చర్చి ఫాదరు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. పెద్దవాళ్ళతో పెట్టుకుని రేవులో ఎలా బతుకుతావని చెల్లెలు ఏడ్చింది.

"సివిల్ చేస్తే కాగితంలో ఏం రాస్తారు?" అని మతురీన్ లెసూర్‌ను అడిగింది.

"దెబ్బ తగిలింది, పరిహారం ముట్టింది, అని."

"కావాలని కొట్టినట్టు రాయరా?"

"ఎందుకు రాస్తాం? అది తుడిచెయ్యడానికేగా ఇదంతా."

మతురీన్ జడ్జి వైపు తిరిగింది.

"చెయ్యి జారి తగిలింది కాదయ్యా. చూసి, గురిపెట్టి, కావాలనే కొట్టిన దెబ్బ. నేరమనే రాయండి. సివిలిజేషన్ వద్దు."

లెసూర్ తల పట్టుకున్నాడు. బాగా ఆలోచించుకున్నావా అని జడ్జి మళ్ళీ అడిగాడు. ఆలోచించుకున్నానంది. ఆయన కలం సిరాలో ముంచి ఒక ముక్క రాసి, బంట్రోతుకు సైగ చేశాడు.

బంట్రోతు సంకెళ్ళు పట్టుకుని వచ్చి, చంకకర్ర కోసం తడుముకుంటున్న మతురీన్‌ను దాటి వెళ్ళి, మోంబ్రెయ్ దొర చేతులకు తగిలించాడు.